మెట్ల మీద సిగ్నల్

మాట్లాడు తల్లీ, ఇంకొక్కసారి మాట్లాడు, నీ పేరు చెప్పొద్దు, నీ బాధ చెప్పొద్దు, ఎక్కడున్నావో తెలిస్తే చాలు నాకు. ఒళ్ళో ల్యాప్‌టాప్ పెనంలా కాలుతోంది. చర్చికని కట్టుకున్న తెల్లచీర మెట్ల దుమ్ములో పడి మసిగుడ్డ అవుతోంది, అమ్మ చూస్తే నాలుగు చీవాట్లు పెడుతుంది, పెట్టనీ. నాంపల్లి స్టేషన్ దగ్గరి గల్లీలో, ఈ ఆడపిల్లల హాస్టల్లో, రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య మలుపు మెట్టు మీద కూర్చుని, ఈ బిల్డింగులో చచ్చిపోదామా అని ఆలోచిస్తున్న పిల్ల ఎవరో వెతుకుతున్నాను. నాకు తెలిసింది ఒక్క ఫోను. బతుకు మీద విరక్తి పుట్టినవాళ్ళు ఫోన్ చేసి మాట్లాడుకునే హెల్ప్‌లైన్ ఒకటుంది, ఆ హెల్ప్‌లైన్ పేజీ తెరవడానికి ఆ ఫోను నిన్న సాయంత్రం నుంచి ప్రయత్నించింది. ఒకసారి కాదు, పడుకోకుండా ప్రయత్నించింది, తెల్లవారాక కూడా ప్రయత్నించింది. ప్రతిసారీ మా నెట్‌వర్కు మెడపట్టి బయటికి గెంటింది. మా నెట్‌వర్కు అంటే ఎవరో కాదు, నేనే. ఆ తర్వాత ఆ ఫోను మళ్ళీ అటు వెళ్ళలేదు.

ఇవాంజెలిన్ అనే నా పేరు హాస్టల్ వార్డెన్‌కి ఈవా, రామచందర్ సార్ నోట్లో ఎప్పుడూ ఏంజెలీనే. ఆయన అబిడ్స్‌లో కోచింగ్ సెంటర్ నడుపుతాడు, గ్రూప్ పరీక్షలు, బ్యాంకు పరీక్షలు, ఆ సెంటర్‌కి తోక ఈ హాస్టల్. రెండు చోట్లా నెట్ చూసుకునేది నేను. చేరిన కొత్తలో సెక్యూరిటీకి ఏమేం కొనాలె అని భయపడుతూ అడిగాడు, ఏమీ కొనక్కర్లేదు సార్, లినక్స్‌లో అన్నీ ఉచితంగా దొరుకుతాయి అన్నాను, ఉచితం అన్న మాటకి ఆ మొహం పెళ్ళికొడుకు మొహంలా వెలిగింది. ఎవరెవరో ముక్కూమొహం తెలియని మనుషులు ఎక్కడెక్కడో కూర్చుని రాసి, తీసుకోండి వాడుకోండి అని లోకం మీద వదిలిన పరికరాలు అవి. వచ్చేపోయే ప్యాకెట్లు పట్టి చూపించేది ఒకటి, అనుమానం వస్తే గంట కొట్టేది ఒకటి, గాలిలో వైఫై మాటలు వినేది ఒకటి. అబిడ్స్ ఆఫీసులో నా బల్ల కింద దుమ్ము పట్టిన పాత కంప్యూటరే ఆ కాపలాదారు. అది చూసేది ఎవరి మెసేజీలూ కాదు, అవన్నీ తాళం వేసిన పెట్టెలు. ఏ ఫోను ఏ తలుపు దగ్గరికి వెళ్ళింది, ఎంతసేపు నిలబడింది, అంతే చూస్తుంది. అంతే అంటాను గానీ, అంత చాలు మనిషిని పట్టుకోవడానికి. ఎవరు ఉద్యోగం మానేద్దామని చూస్తున్నారో, ఎవరికి షుగర్ వచ్చిందో, ఎవరు విడాకుల లాయరు కోసం వెతుకుతున్నారో వాళ్ళ ఇంట్లోవాళ్ళ కంటే ముందు నాకు తెలుస్తుంది. తెలిసినట్టు ముఖంలో కనబడకుండా వాళ్ళ పక్కన కూర్చుని టిఫిన్ డబ్బా విప్పుకుంటాను, అది కూడా ఉద్యోగంలో భాగమే.

నిరుడు ఇంకెక్కడో ఒక కాలేజీ పిల్ల ఉరి వేసుకుంది, పేపర్లలో పడింది, మర్నాడు సార్ నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "ఏంజెలీనూ, గేమ్స్ బంద్ చెయ్. సినిమాలు బంద్ చెయ్. గా సచ్చుడు గిచ్చుడు మాటలుంటయి సూడు, గవన్ని గూడ బంద్ చెయ్. మన వైఫై మీదనే సూసిందని రేపు పోలీసోళ్ళు వస్తే జవాబు ఎవలు జెప్పాలె?" అన్నాడు. సరే సార్ అన్నాను. ఏ దేశంలోనో ఎవరో మంచి మనసుతో తయారుచేసి ఉచితంగా పెట్టిన నిషిద్ధ సైట్ల జాబితా తెచ్చి ఎక్కించాను, అందులో జూదం ఒక విభాగం, బూతు ఒక విభాగం, ఆత్మహత్య ఒక విభాగం, పక్కన టిక్కు పెడితే చాలు. పెట్టాను. చావండి అని చెప్పే సైట్లూ అందులోనే ఉన్నాయి, చావొద్దు మాతో మాట్లాడండి అనే సైట్లూ అందులోనే ఉన్నాయి, మాట రెండింటిలోనూ ఉంటుంది కదా, జాబితాకి తేడా ఏం తెలుస్తుంది, నాకు తెలియాలి. ఉచితంగా వచ్చింది కదా అని తెరిచి చూడలేదు. ఆవు దానంగా వస్తే పళ్ళు లెక్కపెట్టకూడదంటారే, ఆ మాట అన్నవాడిని ఇప్పుడు తీసుకొచ్చి ఈ మెట్టు మీద కూర్చోబెట్టాలి.

వారమంతా ఏమేం ఆపిందో ఆ కంప్యూటర్ ఆదివారం ఉదయం నాకు పంపుతుంది. అది వచ్చేసరికి నేను చర్చిలో ఉన్నాను, అమ్మ పక్కన, ఆఖరి ప్రార్థనకి అయ్యగారు లేచి ఎప్పటిలాగే, అందరూ కళ్ళు మూసుకోండి, తలలు వంచండి, బయటికి చెప్పుకోలేని మనవి ఉన్నవాళ్ళు చెయ్యి మాత్రం ఎత్తండి, ఎవరూ చూడరు, దేవుడు చూస్తాడు, అన్నారు. చిన్నప్పుడు మెదక్‌లో ఉన్నప్పటి నుంచీ ఈ ఘట్టంలో నేను కళ్ళు మూయను. వేళ్ళ సందుల్లోంచి చూస్తాను. ఎవరెవరు చేతులెత్తారో నాకు తెలుసు, ఎందుకెత్తారో తెలియదు, మిషన్ దవాఖాన నర్సమ్మ ఎత్తింది, పెళ్ళయిన వారానికే కొత్త కోడలు ఎత్తింది, ఒకసారి అమ్మ ఎత్తింది, మా అమ్మ బెత్సీ, ఎవరికీ లొంగని మనిషి, ఇంటికొచ్చి మామూలుగా పప్పు తాలింపు వేసింది. ఏమని ఎత్తావమ్మా అని నేను ఈ రోజు వరకూ అడగలేదు. చూశానని చెప్పాలి కదా అడగాలంటే. ఇవాళ కూడా చేతులు లెక్కపెడుతూ మధ్యలో ఫోను తెరిచి రిపోర్టు చూశాను, ఒకే ఫోను, ఒకే పేజీ, మళ్ళీ మళ్ళీ ఆపాను, మళ్ళీ మళ్ళీ ఆపాను అని వరసగా. బెంచీ కింద ఫోను పెట్టుకుని అక్కడే ఆ నిషేధం తీసేశాను. తలుపు బార్లా తెరిచాను. అప్పటి నుంచి చూస్తున్నాను, ఎవరూ రావడం లేదు. తెరిచినట్టు ఎవరికి చెప్పను, ఎలా చెప్పను, ఎవరో తెలిస్తే కదా.

చర్చి మెట్ల మీద నిలబడే సార్‌కి ఫోన్ చేశాను. అటువైపు ఏదో పెళ్ళి భోజనం, బ్యాండు మోత. చెప్పాను. "గ్రూపుల ఏం పెట్టకు. అడ్మిషన్ల టైమ్ ఇది, ఒక్క పిల్ల ఇంట్ల జెప్తే ఇరవై మంది ఖాళీ చేస్తరు. ఎవలో కనిపెట్టు. సాయంత్రం దాంక వాళ్ళ నాయినను పిలిపిస్త, సామాను సర్దిచ్చి పంపిద్దాం. మన దగ్గర ఏం గాకుంటే సాలు, అర్థమైందా?" హెల్ప్‌లైన్ నంబరన్నా గోడ మీద అంటిద్దాం సార్ అన్నాను. "నీకు ఉద్యోగం జేయబుద్ధయితలేదా ఏంది?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాకు ఉద్యోగం చేయబుద్ధవుతోంది, అదే నా దరిద్రం, నాన్న పోయాక ఇంటి కిరాయి నా జీతం మీదే నడుస్తోంది. కిందటేడు ఇక్కడే ఒక పిల్ల నిద్రమాత్రలు దాచుకుందని తెలిసి, గంటలో ఆటో ఎక్కించారు. ఆ తర్వాత ఆ పిల్ల ఏమైందో ఎవరైనా కనుక్కున్నారా, లేదు, నేను కనుక్కున్నానా, నేనూ లేదు.

ఇప్పటి ఫోన్లు దొంగవి. వైఫైకి తమ అసలు గుర్తు చెప్పవు, ఒక మారుపేరు పెట్టుకుని తిరుగుతాయి. అందుకని ఈ ఫోను ఏ కంపెనీదో కూడా తెలియదు. హాస్టలంతటికీ ఒకటే పాస్‌వర్డు, అది గేటు దగ్గరే రాసి పెట్టి ఉంటుంది. ఇక మిగిలింది చెవి ఒక్కటే. ల్యాప్‌టాప్‌కి ఈ చిన్న యాంటెన్నా తగిలించి ఒక ఆదేశం ఇస్తే, తనకు వచ్చిన మాటలే కాక గాలిలో ఎవరి మాటలైనా వింటుంది. ఏం మాట్లాడారో కాదు, ఎంత దగ్గర నుంచి మాట్లాడారో ఒక అంకె వేసి చెబుతుంది, అంకె చిన్నదయ్యేకొద్దీ ఫోను దగ్గరున్నట్టు. ఎనభై అంటే ఎక్కడో గోడల అవతల. ముప్ఫై అంటే చెయ్యి చాస్తే అందేంత దూరం. కానీ ఫోను పడుకుని ఉంటే ఏమీ వినబడదు, దాన్ని లేపాలి. అందుకు నాకు తట్టిన ఉపాయం హాస్టల్ గ్రూపులో మెసేజ్ పెట్టడం. మెసేజ్ వస్తే ప్రతి ఫోనూ ఉలిక్కిపడి అందుకుంటుంది, అదీ అందుకుంటుంది, అందుకున్న క్షణంలో నాకు అంకె దొరుకుతుంది. మరి ఏం పెట్టాలి? బతకండమ్మా అని పెట్టకూడదు, సార్ వద్దన్నాడు. కాబట్టి, రేపు టిఫిన్‌కి ఇడ్లీ కావాలా ఉప్మా కావాలా అని పెట్టాను. చావు మాట రాస్తే ఉద్యోగం పోతుంది, ఉప్మా మాట ఎంతైనా రాసుకోవచ్చు.

వార్డెన్ అనురాధక్కకి మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాను. చెప్పకుండా గదుల వైపు ఎలా తిరుగుతాను. గేటు లోపల కుర్చీలో కూర్చుని బియ్యం ఏరుతోంది నేనొచ్చేసరికి, నన్ను చూసి చేట పక్కన పెట్టి లేచి నిలబడింది. అక్కా, ఒక పిల్ల హెల్ప్‌లైన్ కోసం చూసింది, మనవాళ్ళే ఎవరో, అన్నాను. ఆమె తాళాల గుత్తి తీసి సంచిలో వేసుకుంది. తర్వాత, "నిన్న రిజల్ట్స్ ఒచ్చినయి గద. ఎవలన్నా అయుండొచ్చు. పా, పోదాం," అని ముందు నడిచింది. నా చేతిలోని తెర చూసి దాని పేరేంటని అడిగింది, కిస్మెట్ అక్కా అన్నాను, "కిస్మతా! బాగనే పెట్టిన్రు పేరు," అని నవ్వింది. ఒక్కో అంతస్తూ ఎక్కాం. కింది అంతస్తు గదుల ముందు తిరుగుతూ మెసేజ్ పెట్టాను, చుట్టూ ఫోన్లు టింగుటింగుమన్నాయి, ఉప్మా వద్దు ఉప్మా వద్దు అని గోల, నాకు అంకె నలభై దగ్గర వచ్చింది. మొదటి అంతస్తుకి ఎక్కినా అదే నలభై. గోడలు అబద్ధాలాడతాయి, ఇనుప గ్రిల్లు మీద పడి సిగ్నల్ అటూ ఇటూ పరిగెడుతుంది, అలా ఏదో సర్దిచెప్పుకున్నాను. రెండో అంతస్తులో ఈ చివరి గది ముందుకి వచ్చేసరికి అనురాధక్క నా చెవి దగ్గరగా వంగి, "ఈ రూములనే హైందవి ఉంటది. నిన్నటి సంది తింటలేదు, మాట్లాడ్తలేదు. నాకైతే ఈ పిల్ల మీదనే పానం గుంజుతున్నది," అంది. మెసేజ్ పెట్టాను. ముప్ఫై ఒకటి. ఇంకేముంది, ఇదే, ఈ తలుపు వెనకే.

హైందవి తలుపు తీసిన తీరు, చీకటి గదిలోంచి ముందు రెండు ఉబ్బిన కళ్ళు వచ్చాయి, తర్వాత మనిషి వచ్చింది. ఫోను ఒకసారి చూపిస్తావా అన్నాను, పోలీసుదానిలా. "ఫోనా? నిన్న రిజల్ట్ సూసి గోడకు గొట్టిన. జగదీశ్ మార్కెట్ల రిపేర్‌కిచ్చిన, రేపిస్తా అన్నడు. ఏంది మేడం, ఏమైంది?" అంది. తర్వాత అనురాధక్క మొహమూ నా మొహమూ మార్చి మార్చి చూసి, తెలివైన పిల్ల, అర్థమైపోయింది. "నేను సస్త అనుకుంటున్నరా? రెండు మార్కులకు నేనెందుకు సస్త? ఏడుస్తున్న, ఏడ్వనియ్యరా గింత సేపు? మళ్ళ రాస్త. వచ్చేసారి కొడ్త," అని తలుపు దడాలున మూసింది. ఆ దడాలు విని నాకు ప్రాణం లేచి వచ్చింది, అంత కోపం ఉన్న పిల్ల బతుకుతుంది. గదిలో ఇంకో పిల్ల కూడా లేదు, ఊరెళ్ళింది. మరి ముప్ఫై ఒకటి ఎక్కడిది? పక్క గదికి తాళం. పై గదా? కింది గదా? ఆ గందరగోళంలోనే మెట్లు ఎక్కబోయి, ఇక్కడ ఈ మలుపులో ఆగిపోయాను. నీళ్ళ ట్యాంకర్ హారన్ వినబడింది, అనురాధక్క, "నువ్వు జర కూసో ఈవా, మోటర్ ఏసి చాయ్ పట్కొస్త," అని దిగిపోయింది.

కూర్చున్నాను. ఏం చేస్తున్నాను నేను ఇక్కడ? ఎవరినైనా వినడానికి ఇన్ని పరికరాలు కావాలా మనిషికి? అమ్మ అయితే గిన్నె కింద పెట్టిన చప్పుడుకే ఏమైంది నీకు అనేది. హాస్టల్ వాసన, కొబ్బరినూనె, తడిబట్టలు, మాడిన అన్నం, చదివి చదివి తల వేడెక్కిన పుస్తకాల వాసన. గోడ మీద పాసైన పిల్లల ఫోటోలు, ప్రతి ఏడూ కొత్తవి, పాతవాటి మీదే అంటిస్తారు, అంటించేది అనురాధక్కే, మైదా ఉడికించి. ఈ హాస్టల్లో ఆమె కూడా ఒకప్పుడు గ్రూప్ పరీక్షలకి చదవడానికి వచ్చిన పిల్లే. నల్గొండ అవతల ఎక్కడి నుంచో వచ్చింది. ఇంట్లో పెళ్ళి సంబంధం తెస్తే పరీక్ష అయ్యాక అంది, పరీక్ష అయ్యాక ఇంకో పరీక్ష అంది, నోటిఫికేషన్లు ఆగిపోయిన ఏళ్ళు కొన్ని, పేపరు లీకై రద్దయిన ఏళ్ళు కొన్ని, ఇంట్లోవాళ్ళు విసిగి వదిలేశారు, రూము కిరాయి కట్టలేక వార్డెన్‌గా కుదురుకుంది. ఇప్పటికీ పరీక్ష రాస్తుంది, పిల్లలు కలెక్టరమ్మ వస్తోంది అని ఏడిపిస్తారు, ఆమె కూడా నవ్వుతుంది. ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత గైడ్లు ఏరుతూ చాలాసార్లు కనబడింది, నిరుటి గైడు సగం ధరకి, ప్రశ్నలు మారవు గద ఈవా అనేది. ఈసారితో ఆమెకి వయసు దాటిపోతుంది. ఇదే ఆఖరిది అని జ్వరంలో కూడా కూర్చుని చదివింది. ఆమె రిజల్ట్ ఏమైంది? నిన్నటి నుంచి ఎవరైనా అడిగామా? పిల్లల మార్కులు గది గదికీ చెప్పింది, ఎవరికెన్ని తగ్గాయో చెప్పింది, తనది చెప్పలేదు, నేను అడగలేదు, చాయ్ తెచ్చాక అడగాలి.

ఏ పిల్లో ఏమో, ఎక్కడుందో, ఇంకోసారి గాలం వేద్దామని గ్రూపులో ఉప్మాకే ఎక్కువ ఓట్లు వచ్చాయి అని అబద్ధం రాశాను. భగ్గుమంది. ఒకరి మీద ఒకరు మెసేజీలు, దొంగ ఓట్లని ఒకతె, రీకౌంటింగ్ కావాలని ఒకతె, హాస్టల్ నిండా నవ్వులు, ఆ నవ్వుల్లో ఎక్కడో ఒక నవ్వని పిల్ల ఫోను కూడా ఆ మెసేజీలన్నీ వరసగా అందుకుంటోంది, నా తెర మీద అంకెలు ధారగా పడుతున్నాయి. ఎనభై రెండు. ఇందాక ముప్ఫై ఒకటి, ఇప్పుడు ఎనభై రెండు. దూరమైపోయింది! పిల్ల గది వదిలి వెళ్ళిపోతోంది, గేటు దాటుతోందా, స్టేషన్ ఎంతో దూరం లేదు, రైళ్ళు, దేవా. లేచి కమ్మీ మీదుగా కిందికి వంగి చూశాను. గేటు దగ్గర ట్యాంకర్ పైపు, నీళ్ళ మడుగు, ట్యాంకర్ డ్రైవరూ, అతనితో బేరమాడుతున్న అనురాధక్కా తప్ప పురుగు కూడా లేదు. అంకె అక్కడే నిలబడింది, ఎనభై, ఎనభై రెండు, ఎనభై. తర్వాత డెబ్బై. పిల్ల తిరిగి వస్తోంది. అరవై అయిదు. కింద ఎక్కడో గ్లాసుల చప్పుడు. యాభై ఎనిమిది. మెట్ల మీద చెప్పుల చప్పుడు, మోకాలి నొప్పి ఉన్న మనిషి మెట్టుకి రెండు అడుగులూ ఆన్చి ఎక్కుతున్న చప్పుడు, దాంతో పాటు సంచిలో తాళాల గుత్తి. యాభై. నలభై నాలుగు. మొదటి అంతస్తు దాటింది. ముప్ఫై తొమ్మిది. ఆ చప్పుడు ఆగి ఊపిరి తీసుకుంటే అంకె ఆగుతోంది, కదిలితే కదులుతోంది. నేను గదులు వెతుకుతున్నంతసేపూ ఆ ఫోను గోడల వెనక లేదు. నా భుజం పక్కన, తాళాలతో పాటు సంచిలో ఉంది, నాతో అంతస్తు అంతస్తూ ఎక్కింది. వార్డెన్ కాపలా కాసే మనిషి, ఆమెకి కాపలా ఏంటి అనుకున్నాను, అనుకోను కూడా లేదు, ఆమె నా లెక్కలోకే రాలేదు.

గ్లాసులు రెండూ మెట్టు మీద పెట్టి, గోడ పట్టుకుని నా పక్కన కూర్చుంది. అంకె ఇరవై ఎనిమిది. కళ్ళ కింద నల్లగా ఉంది, ఉదయం నుంచీ ఉంది, నేను తెరే చూశాను, ఈ మొహం చూడలేదు. చాయ్ మీద మీగడ కడుతోంది. ఆమె తెర వైపు చూడలేదు, నా వైపు చూసింది.

"దొరికిందా?"

"దొరికిందక్కా."

ఎవలు అని అడుగుతుందేమో అని చూశాను. అడగలేదు. సంచి ఒళ్ళోకి లాక్కుని రెండు చేతులూ దాని మీద పెట్టుకుంది. కింద ట్యాంకర్ నీళ్ళు సంపులో పడుతున్న శబ్దం. "సార్‌కు జెప్పినవా?" అంది.

"చెప్పలే. చెప్ప."

"నువ్వు పొద్దుగాల ఒచ్చి చెప్పినప్పుడే నాకు ఎరికాయె, గది నా ఫోనే అని. అయినా నీతోటి తిరిగిన. నువ్వు కనిపెడ్తె మంచిగుండు అనిపిచ్చె. కనిపెట్టకుంటే గూడ మంచిగుండు అనిపిచ్చె. హైందవి సంగతి ఉత్తగ జెప్పలే, గా పిల్ల మీద నిజంగనే ఫికరున్నది నాకు." గొంతు మామూలుగానే ఉంది, సామాను ఏం తేవాలో చెబుతున్నప్పటి గొంతు. "నాది ఇంక అయిపోయింది ఈవా. వయసు గూడ అయిపోయె. నిన్న వీళ్ళందరి నంబర్లు సూసుకుంట సూసుకుంట ఆఖరికి నాది సూసిన. లేదు. ఒక్కతీరుగ ఎన్నేండ్లు లేకుంట ఉంటది సెప్పు."

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను, బియ్యం పిండి తెల్లగా గోళ్ళలో. "ఎందుకాపినవ్ అక్కా? పొద్దున్నుంచి తెరిచే పెట్టిన నేను. ఒక్కసారి మళ్ళ చూసుంటే నంబరొచ్చేది. ఎందుకు చూడలే?"

"ఎర్రగ ఒచ్చింది గద తెర మీద," అంది. "ఈ పేజీ నిషిద్ధం, మీ ప్రయత్నం నమోదు చేయబడినది, అని. మొదలు సమజ్ కాలే, మళ్ళ మళ్ళ కొట్టిన, మళ్ళ మళ్ళ గదే ఒచ్చింది. నమోదు అంటే ఇగ సార్‌కు వొయ్యిందనుకున్న. నిరుడు గా పిల్లను పంపినట్టు నన్ను గూడ పంపుతరని. పొద్దుగాల నువ్వు గేట్ల అడుగు వెట్టంగనే, ఖాళీ చెయ్యమనెతందుకే ఒచ్చినవనుకున్న. బ్యాగు గూడ సర్దిన ఈవా. సర్దినంక, ఏడికి పోవాలె అని కూసోని బియ్యం ఏరుతున్న."

ఆ రెండు ముక్కలూ నావి. నిషిద్ధం, నమోదు చేయబడినది. అబిడ్స్ ఆఫీసులో ఒక మధ్యాహ్నం, ఇరానీ చాయ్ తాగుతూ, గేములాడే పిల్లలు భయపడాలని కూర్చి రాశాను, ఎరుపు రంగు నేనే ఎంచాను, ఎంత బాగా కుదిరిందో అని పక్క బల్ల వాళ్ళకి చూపించి నవ్వాను. అవి తెల్లవార్లూ ఈమెతో మాట్లాడాయి. ఇంకెవరూ మాట్లాడలేదు, నా మాటలే మాట్లాడాయి. ఏడుపు వచ్చింది, ఇది నా ఏడుపుకి సమయం కాదు. క్షమించు అక్కా అంటే ఆమె లేచి నన్ను ఊరుకోబెడుతుంది, అలాంటి మనిషి, ఆ పని కూడా ఆమె నెత్తినే పడుతుంది.

నా ఫోను తీశాను. ఉదయం చర్చిలో, వస్తోందో లేదో అని తెరిచి చూసిన హెల్ప్‌లైన్ పేజీ ఇంకా అలాగే ఉంది, దాని మీద నంబరు. మా నెట్‌వర్కు లెక్కలో పడకుండా వైఫై ఆపేసి నొక్కాను. మోగుతోంది. ఎంతసేపో మోగింది, ఎత్తరేమో అనుకున్నాను, ఆమె కూడా అనుకున్నట్టుంది, పోనీలే ఈవా అన్నట్టు చెయ్యి కదిపింది. అప్పుడు ఒక ఆడగొంతు, నిద్రలేనట్టున్న గొంతు, "నమస్తే అండి, చెప్పండి, నేను వింటున్నాను," అంది. ఫోను అనురాధక్క చేతిలో పెట్టి, వేళ్ళు దాని చుట్టూ మూశాను. ఆమె దాన్ని చెవి దగ్గర పెట్టుకుని నన్నే చూస్తోంది. ఆమె ఒళ్ళోని సంచిలోంచి తాళాల గుత్తి తీసుకున్నాను, డాబా తాళం అందులోనే ఉంది. యాంటెన్నా పీకేసి ల్యాప్‌టాప్ మూశాను. మాటలు వినబడనంత కిందికి దిగి, ఆమె పాదాలు కనబడే మెట్టు మీద కూర్చున్నాను.